జేబుల్లేని గౌను

ఆ ఇంటి గుమ్మాలు మామూలు మనుషుల కొలతకి పెట్టినవే కానీ, కాళ్ళు రెండూ ఎడంగా పరుచుకున్న నాలుగేళ్ళ పిల్ల కొలతకి పెట్టినవి కావు. కూతుర్ని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున, గుమ్మం ముందు నిలబడ్డాక కానీ దర్జీకి ఆ సంగతి తెలియలేదు. దారిన పోయేవాళ్ళ భుజాలూ నడుములూ కంటితోనే కొలిచేసే మనిషి సొంత గుమ్మం కొలవడం మర్చిపోయాడు. పిల్లని రెండు చేతుల మీదా పెట్టుకుని అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, ఒకసారి వెనక్కి నడిచి కూడా చూశాడు. అతని భార్య బస్సు కండక్టరు. ఆవిడ వెనక నుంచి డ్యూటీ గొంతుతో, "పక్కకి తిరగండి! తల ముందు, కాళ్ళు తర్వాత! ఆఁ, పోనివ్వండి, పోనివ్వండి!" అంది. పిల్ల లోపలికొచ్చింది. విజిల్ ఒక్కటే తక్కువ.

పిల్లకి ఛాతీ కింద మొదలైన పిండికట్టు ఒక కాలికి మడమ దాకా, రెండో కాలికి మోకాలి దాకా దిగింది. రెండు కాళ్ళకీ మధ్య అడ్డంగా ఓ కర్ర. ఆ కర్ర పట్టుకుని మాత్రం ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పి పంపింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళ చెయ్యీ ముందు పోయేది ఆ కర్ర మీదికే.

పిల్లని ఇంట్లో బొంగరం అంటారు. అడుగులు వేయడం నేర్చింది మొదలు ఒక పక్కకి ఊగుతూ, కాసేపట్లో ఆగబోయే బొంగరంలా నడిచేది. ఆ నడకకి మురిసిపోయి పెట్టుకున్న ముద్దుపేరు అది. బడిలో చేర్చబోతే అక్కడి టీచరు ఆ నడక చూసి మురవలేదు, ఒకసారి ఆసుపత్రిలో చూపించమంది. తొడ ఎముక పుట్టినప్పటి నుంచీ తుంటి గూట్లో లేదని అక్కడ తేలింది. ఇన్నాళ్ళూ తాము ముద్దు చేసింది పిల్ల కుంటునా అని దర్జీ కుమిలిపోయాడు. ఆ పేరుతో పిలవడానికి అతనికి నోరు రాలేదు. బొంగరం ఊరుకుంటేగా! ఏడ్చి, గోల చేసి, మళ్ళీ అలాగే పిలిపించుకుంది.

ఆపరేషన్ చేసి ఎముకని గూట్లో కూర్చోబెట్టారు. అది అక్కడ కుదురుకునే వరకూ కట్టు చెక్కుచెదరకూడదు. తడవకూడదు, లోపల పుండు పడకూడదు. పుండు పడిందా, గడువుకి ముందే కట్టు కోసేయాలి. కోస్తే ఎముక జారిపోవచ్చు. జారితే మళ్ళీ మత్తు, మళ్ళీ కత్తి, అంతా మళ్ళీ మొదటి నుంచి. ఆ 'మళ్ళీ మొదటి నుంచి' అన్న మాట దర్జీ గుండెల్లో దిగబడిపోయింది.

భార్యది రోడ్డు మీద ఉద్యోగం, తనది ముందు గదిలో మిషను మీద ఉద్యోగం. కాబట్టి పిల్ల పని అతని వాటాకే వచ్చింది. కత్తిరింపు బల్ల పక్కన, కోట్లలో వేసే దూదీ పనికిరాని గుడ్డ ముక్కలూ కూరి ఓ పెద్ద మెత్త కుట్టాడు. దానిమీద పిల్లని కాసేపు బోర్లా, కాసేపు వెల్లకిలా తిప్పేవాడు. చిన్న డైపరు కట్టు లోపలికి దోపి, దానిపైన పెద్దది చుట్టడంలో చెయ్యి తిరిగింది. కట్టు అంచులు ఒరుసుకోకుండా మెత్తటి పట్టీలు అతికించాడు. రోజూ పొద్దున్నే టార్చి వేసి అంచుల్లోకి చూడమనీ, ముక్కు పెట్టి వాసన చూడమనీ చెప్పారు కదా, అదీ చేసేవాడు. ఆ వాసన చూసేటప్పుడు బొంగరానికి కితకితలు పుట్టి నవ్వేది. ఆ నవ్వుతోనే అతనికి ఆ పూటకి ధైర్యం వచ్చేది.

గౌన్లన్నిటికీ పక్క కుట్లు విప్పేసి, కట్టు మీదుగా వేసి ముడి వేయడానికి నాడాలు పెట్టాడు. జేబులు ఆ పక్క కుట్లలోనే ఉండేవి. వాటిని కత్తిరించి గుడ్డ ముక్కల సంచిలో పడేశాడు. మంచం దిగని పిల్లకి జేబులెందుకని అనుకోవడం కూడా జరగలేదు, కత్తెర దానంతటది వెళ్ళిపోయింది.

కట్టుకి ముందు ఆ ముందు గదిలో బొంగరానికో ఉద్యోగం ఉండేది. డబ్బాలోంచి నాన్నకి కావలసిన బటన్లు ఏరి జేబులో వేసుకుని తయారుగా ఉండాలి. అతను తలెత్తకుండా చెయ్యి చాపి "బటన్!" అనగానే ఊగుతూ వచ్చి అరచేతిలో ఒకటి పెట్టాలి. ఇప్పుడు డబ్బా పిల్ల చేతికి అందేంత దూరంలోనే ఉంది. అయినా అతను తనే వంగి తీసుకుంటున్నాడు. అసలే కట్టులో నలిగిపోతున్న పిల్లని మళ్ళీ పనికి పురమాయించడం ఏమిటని.

ఇలా ఉండగా సాయానికి అత్తగారు దిగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో మోకాళ్ళకి రాసుకునే ఘాటు మందు సీసా. పిల్లని చూసి కళ్ళు తుడుచుకుని, వెంటనే కొంగు బిగించి, "ఎముక అతకాలంటే గుడ్డు పడాలి బాబూ, గుడ్డు! రోజుకొకటి పెడుతున్నావా?" అని అడిగింది.

"పెడుతున్నానత్తయ్యా. తినడం లేదు" అని దర్జీ నీళ్ళు నమిలాడు.

"తినకపోవడమేమిటి, తినిపించడం రావాలి కానీ" అని ఆవిడ వంటింట్లోకి నడిచింది. ఉడకబెట్టిన గుడ్డు నాలుగు చీలికలు కోసి, పళ్ళెం పిల్ల ముందు పెట్టి, ఇటు చూడొద్దని అతన్ని మిషను దగ్గరికి తోలేసి, తనూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి ఖాళీ పళ్ళెం తెచ్చి అతని ముక్కు కింద ఆడించింది. "చూశావా? మారు మాట్లాడకుండా తినేసింది. నా చెయ్యి అలాంటిది."

అది మొదలు రోజూ ఇదే తంతు. దర్జీ చేత్తో పెడితే పెదవి విప్పని పిల్ల అమ్మమ్మ చేతుల్లో గుడ్డంతా ఖాళీ చేస్తోంది. అతనికి లోపల ఎక్కడో చురుక్కుమనేది. పిల్లని ఎత్తేదీ దించేదీ తను, కడిగేదీ తుడిచేదీ తను, మంచి పేరు మాత్రం గుడ్డు పెట్టినావిడకి! అత్తగారితో గుడ్ల దగ్గర పోటీ ఏమిటని తన్ను తనే కసురుకునేవాడు. కానీ పోటీ ఉండేది.

ఆ రోజుల్లోనే ఓ ఇత్తడి బటన్ పోయింది. పెద్ద హోటలు వాకిట్లో నిలబడి వచ్చేవాళ్ళకి తలుపు తీసే పెద్దమనిషి తన కోటు బాగుచేయమని ఇచ్చాడు. లంగరు బొమ్మ ఉన్న బటన్లు దానికి. ఊడిపోయిందొకటి ఇంట్లో ఎక్కడో మాయమైంది. దర్జీ గదంతా గాలించాడు. నిన్న ఊడ్చిందెవరని భార్యనడిగాడు. చెత్తలో చూశారా అని అత్తగారినడిగాడు. "నా చీపురుకి బటన్లు తినే అలవాటు లేదు బాబూ" అని ఆవిడ మూతి విరిచింది. తలుపు పెద్దమనిషి రెండుసార్లొచ్చి, అలాంటి బటన్ బయట దొరకదని నిట్టూర్చి వెళ్ళాడు.

అంతలోనే దర్జీకి జలుబు కూడా పట్టుకుంది. ముక్కు మూసుకుపోయి రోజూ చూసే వాసన అతనికి ఏమీ తెలియలేదు. అత్తగారికి తన మోకాళ్ళ మందు వాసన తప్ప లోకంలో ఇంకో వాసన ఉన్నట్టే గుర్తులేదు. సెలవు రోజున భార్య పిల్లని తిప్పుతూ కట్టు పై అంచు దగ్గరికి మొహం పెట్టి, అక్కడే బిగుసుకుపోయింది.

"ఏమండీ, ఇటు రండి. ఇది ఏం వాసన?"

అతను ముక్కు గట్టిగా చీది వంగాడు. కుళ్ళు వాసన. మూసుకుపోయిన ముక్కుకి కూడా అందేంత కుళ్ళు వాసన. భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. బొంగరం మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కితకితలు పెట్టలేదేమని అడిగింది.

మామూలు కారు తలుపులో ఆ కాళ్ళు పట్టవు. పక్కింటి డ్రైవరు తన సరుకుల వ్యాను తీశాడు. వెనక మెత్త పరిచి, పిల్లని మధ్యలో పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు. దారి పొడుగునా ఒక్కరూ నోరు విప్పలేదు. బొంగరం ఒక్కతే, వ్యాను వెనక నుంచి చూస్తే రోడ్డు వెనక్కి పరిగెడుతోందని సంబరపడుతోంది. దర్జీ ఆ కట్టు మీద చెయ్యి వేసి, లోపల ఏముందో అరచేతికి తెలుస్తుందేమోనని చూశాడు. ఏం తెలుస్తుంది! పుండు పడకుండా చూసుకోవడం ఒక్కటే తన పని. ఆ ఒక్క పనీ చేయలేకపోయానని అతనికి ఏడుపొచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అంచు దగ్గర వాసన చూసి మొహం చిట్లించింది. "ఇంట్లో ఏమైనా జరిగిందా? దాచకుండా చెప్పండి" అంది.

ముగ్గురూ ఒకేసారి నోళ్ళు తెరిచారు. డైపరు పక్కకి జారి ఓసారి అంచు తడిసిందనీ, విసనకర్రతో ఆరబెట్టి ఎవరికీ చెప్పలేదనీ దర్జీ. పిల్ల దురదంటే చూడలేక కొంచెం పౌడరు లోపలికి దులిపాననీ అత్తగారు. వెక్కిళ్ళ మధ్య భార్య, "నేను స్కేలుతో గోకానండీ. మెల్లిగానే గోకాను. ఆయన స్కేలే" అంది.

దర్జీ తెల్లబోయి భార్యని చూశాడు. భార్య తల్లిని చూసింది. తల్లి అల్లుణ్ణి చూసింది.

"నేను చేయొద్దన్నవాటిలో తలొకటీ పంచుకున్నారన్నమాట" అని డాక్టరమ్మ నిట్టూర్చి, "ముందు ఎక్స్‌రే తీద్దాం" అంది.

ఎక్స్‌రే దీపం పలక మీద వెలిగింది. డాక్టరమ్మ తుంటి దగ్గర వేలు పెట్టి, "ఎముక గూట్లోనే ఉంది. చక్కగా ఉంది" అంది. దర్జీకి ఊపిరాడింది. అంతలో ఆవిడ వేలు పైకి జరిగి ఒకచోట ఆగిపోయింది. కడుపు దగ్గర తెల్లగా, గుండ్రంగా ఏదో ఉంది.

"ఇదేమిటి? ఏమైనా మింగిందా?"

పక్క నుంచి ఇంకోటి తీయించారు. మింగలేదు. ఆ గుండ్రటిది పొట్టకీ కట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది. "లోహం. ఎన్నాళ్ళ నుంచి నొక్కుకుంటోందో! దీని కిందే పుండు పడినట్టుంది" అంది డాక్టరమ్మ.

దర్జీ పలకకి దగ్గరగా వెళ్ళాడు. పక్క నుంచి తీసిన దాంట్లో ఆ తెల్లటి బిళ్ళ వెనక చిన్న కొక్కెం కనిపిస్తోంది. దారం దూర్చే కొక్కెం. డాక్టర్లు ఎముకని చూసి ఎలా పోల్చుకుంటారో, ఆ కొక్కెం చూసి అతను అలా పోల్చుకున్నాడు.

"అది నాదండీ" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు.

"అంటే నాది కాదు. తలుపు దగ్గర నిలబడే ఆయనది. కోటు బటన్."

పొట్ట దగ్గర కట్టులో చిన్న కిటికీ కోసి చూద్దామనీ, దానివల్ల తుంటి కదలదనీ డాక్టరమ్మ చెప్పింది. కానీ లోపల పెద్ద పుండుంటే కట్టంతా తీసేయక తప్పదని కూడా చెప్పింది. కట్లు కట్టే ఆయన రంపం మిషను తెచ్చాడు. దాని మోతకి బొంగరం అదిరిపోయి నాన్న చొక్కా పట్టేసుకుంది. ఆయన ఆ మిషను తన అరచేతికే ఆనించి, తెగదని చూపించాడు. "మీ నాన్న మిషను కంటే దీనికి నోరెక్కువ, అంతే" అన్నాడు. రంపం కట్టు మీద గీత గీస్తున్నంతసేపూ దర్జీ పిల్ల చెవులు మూసి, తన కళ్ళు కూడా మూసుకున్నాడు.

ముక్క ఊడి వచ్చింది. గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా ముక్కులు మూసుకున్నారు.

"ఇదేమిటీ!" అంది డాక్టరమ్మ.

ఆవిడ చిమటాతో ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెట్టింది. తెల్లగా, జారుడుగా ఓ చీలిక. పచ్చగా, నల్లగా, పొడిపొడిగా ఓ ముద్ద. ఇంకో చీలిక. దాని వెనక వరసగా మరికొన్ని. ఇంకోటి. అరిగిపోయిన సుద్ద ముక్క ఒకటి. బ్రెడ్డు అంచులు. అన్నిటికంటే అడుగున, లంగరు బొమ్మతో ఇత్తడి బటన్.

అత్తగారు ముందుకి వంగింది. నాలుగు చీలికలుగా కోసిన ఆ కోత ఆవిడకి బాగా తెలుసు. "నా గుడ్లు!" అంది నీరసంగా.

డాక్టరమ్మ తడి దూదితో మెల్లిగా తుడిచింది. దర్జీ చూడలేక చూశాడు. పిల్ల పొట్ట మీద ఎర్రగా ఓ గుండ్రటి అచ్చు, అందులో తిరగబడ్డ లంగరు. ఆవిడ వేలితో నొక్కి చూసింది, చుట్టూ టార్చి వేసి చూసింది. "పుండు లేదు. చర్మం ఎక్కడా చిట్లలేదు. అచ్చు పడిందంతే. రెండ్రోజుల్లో పోతుంది. కట్టు ఉంచేద్దాం" అంది.

కట్టు ఉంచేద్దాం. ఆ మాట వినగానే దర్జీ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. భార్య నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. మళ్ళీ మొదటి నుంచి కాదు. మత్తు లేదు, కత్తి లేదు. కుళ్ళిన గుడ్డు వాసన అంత హాయిగా ఉంటుందని అతను కల్లో కూడా అనుకోలేదు. జలుబుతోనే గుండెలనిండా పీల్చుకున్నాడు.

"ఇవన్నీ లోపల ఎందుకు పెట్టావమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"జేబులో పెట్టుకున్నా" అంది బొంగరం.

"ఇది జేబు కాదమ్మా, కట్టు."

"నా జేబులు నాన్న కోసేశాడు. ఇదొక్కటే ఉంది" అని పిల్ల విడమరిచి చెప్పింది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. తర్వాత పళ్ళెం వైపు చూపించి, "గుడ్డు వద్దంటే అమ్మమ్మ ఏడుస్తుంది. అందుకని దాచా" అంది.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి బటనో?" అని దర్జీ కింద కూర్చునే అడిగాడు. "ఇల్లంతా వెతుకుతుంటే చూశావు కదా. చెప్పొచ్చు కదమ్మా?"

బొంగరం మొహం చిన్నబోయింది. "నువ్వు అడుగుతావని పెట్టుకున్నా. అమ్మనడిగావు, అమ్మమ్మనడిగావు. నన్ను అడగలేదు" అంది.

నిజమే. దర్జీ ఇంట్లో చీపురుని కూడా అనుమానించాడు కానీ, బటన్ల ఉద్యోగం చేసే మనిషిని మాత్రం అడగలేదు. పిల్లకి నొప్పి కలగకూడదని ఎత్తాడు, దించాడు, తుడిచాడు, తిప్పాడు. ఆ తొందరలో ఆమె పని ఊడబెరికాడు. కుట్టులో పొరపాటొస్తే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. ఇదీ అలాంటిదే అయితే బాగుండునని అతను మనసారా కోరుకున్నాడు.

కోసిన ముక్కని మళ్ళీ పెట్టి, పైన పట్టీ చుట్టి పంపించారు. వ్యానులో తిరుగు ప్రయాణంలో ముగ్గురి నోళ్ళూ మూతపడలేదు. విసనకర్ర గురించి దర్జీని భార్యా, స్కేలు గురించి భార్యని దర్జీ, పౌడరు గురించి అత్తగారిని ఇద్దరూ కలిసీ దెప్పారు. "నా చెయ్యి అలాంటిది అన్నారు కదత్తయ్యా!" అని దర్జీ అంటే, "అలాంటిదే బాబూ! గుడ్డు నేరుగా పొట్ట మీదికే చేర్చింది కదా" అని ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆవిడంటే తనకి ఇంత ఇష్టమని దర్జీకి ఇన్నాళ్ళూ తెలియలేదు.

మర్నాడు అతను కోట్ల గుడ్డతో, పిల్ల ఒంటికి చుట్టడానికి వెడల్పాటి పటకా ఒకటి కుట్టాడు. కట్టు పై అంచుని కప్పేస్తూ, పిల్ల వెల్లకిలా ఉన్నా బోర్లా ఉన్నా చేతికందేలా దానికి అటొకటి ఇటొకటి జేబులు. లోతైనవి, మూతలున్నవి, మూతలకి బటన్లున్నవి. బొంగరం రెండు చేతులూ దూర్చి అడుగు దాకా తడిమి చూసుకుంది. కడిగి తోమిన ఇత్తడి బటన్ తీసుకుని కుడి జేబులో వేసుకుంది.

అత్తగారు గుడ్డు ఉడకబెట్టింది కానీ, ఈసారి ఒక చీలికే తెచ్చి, "తినాలనిపిస్తే తిను, లేకపోతే లేదని చెప్పు. నేనేం ఏడవను" అని చెప్పి పళ్ళెం పెట్టి వెళ్ళిపోయింది. ఏడవకుండా ఉండటానికే వెళ్ళిందేమో.

తలుపు పెద్దమనిషి కోటు కోసం మూడోసారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దర్జీ సూదిలో దారం ఎక్కించి, తలెత్తకుండా, పక్కకి చెయ్యి చాపాడు.

"బటన్!"

బొంగరం ఎడమ జేబులో చెయ్యి పెట్టి తీసి అతని అరచేతిలో పెట్టింది. మెత్తగా తగిలింది. చూస్తే గుడ్డు చీలిక. దర్జీ కిక్కురుమనకుండా దాన్ని నోట్లో వేసుకుని మింగేసి మళ్ళీ చెయ్యి చాపాడు. ఈసారి కుడి జేబులోంచి లంగరు బటన్ వచ్చింది. తలుపు పెద్దమనిషి బొంగరం మొహంలో వెలుగు చూసి, హోటల్లో దొరల కార్లకి కొట్టే సలాం పిల్లకి కొట్టాడు.

దర్జీ బటన్ కుట్టి, దారం కొరికాడు. బొంగరం చెయ్యి జేబులోనే ఉంది.

"ఇంకోటి అడుగు నాన్నా" అంది.

ఆ కోటుకి కావలసింది ఒక్కటే బటన్. దర్జీ ఓ క్షణం కోటు వంక చూశాడు. కత్తెర తీసి, గట్టిగా కుట్టి ఉన్న పక్క బటన్‌ని టక్కున తెంపి, కూతురి జేబులో వేసి, చెయ్యి చాపాడు.

"బటన్!"